రెండు కంట్రోలర్లు ఉన్నా 40 నిమిషాలు వైఫై లేదు: ఫెయిలోవర్ ఎక్కడ తప్పింది?

భీమవరం_వైఫై
మా కాలేజీలో (భీమవరం దగ్గర) సిస్కో 5520 కంట్రోలర్లు (ఏపీలన్నిటినీ నడిపించే పెట్టెలు) రెండు, ఏపీలు (వైఫై సిగ్నల్ ఇచ్చే యాక్సెస్ పాయింట్లు) 240 ఉన్నాయి. ఒకటి పోతే రెండోది ఆదుకుంటుందని (అదే ఫెయిలోవర్) చెప్పి రెండేళ్ళ క్రితం యాజమాన్యాన్ని ఒప్పించి రెండోది కొనిపించాను. మొన్న బుధవారం మధ్యాహ్నం ఈదురుగాలికి కరెంట్ పోయి వచ్చింది. రెండు కంట్రోలర్లూ ఉన్న ర్యాక్‌లో ఒకవైపు పవర్ స్ట్రిప్‌కి ఉన్న ఎంసీబీ పడిపోయింది. ప్రైమరీ కంట్రోలర్ దాని మీదే ఉంది. సెకండరీ మాత్రం నిక్షేపంగా నడుస్తూనే ఉంది.

అయినా వైఫై రాలేదు. ఆ టైమ్‌లో నాలుగు ల్యాబుల్లో ఆన్‌లైన్ పరీక్ష జరుగుతోంది. పాత బ్లాకుల్లో ఏపీలు ఒక్కొక్కటీ సెకండరీకి ఎక్కుతూ మొత్తం రావడానికి 40 నిమిషాలు పట్టింది. హాస్టల్లో ఏపీలు ఎక్కాయి కానీ హాస్టల్ నెట్‌వర్క్ పేరే కనబడలేదు. కొత్త బ్లాకులో 30 ఏపీలు అసలు ఎక్కనే లేదు. గంట తర్వాత ప్రైమరీని లేపితే అందరికీ మళ్ళీ ఒకసారి కట్ అయ్యింది.

పరీక్ష మళ్ళీ పెట్టాల్సి వచ్చింది. పిల్లలు పడ్డ టెన్షన్ కళ్ళారా చూశాను. సెటప్ చేసినవాళ్ళు "అంతా ఆటోమేటిక్" అని చెప్పి వెళ్ళారు. ఎక్కడి నుంచి చూడటం మొదలుపెట్టాలి?

పాలకొల్లు_పింగ్
రెండిట్లో సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఒకటేనా? ముందు అది చెప్పండి.

తణుకు_ట్రంక్
ఎస్ఎస్ఓ (రెండూ జంటగా ఉండి ఒకటి పడితే రెండోది వెంటనే అందుకునేది) పెట్టారా, ఎన్ ప్లస్ వన్ (విడిగా నడిచే రెండో కంట్రోలర్‌కి ఏపీలే మారేది) పెట్టారా? రెండు పెట్టెలు ఉన్నంత మాత్రాన ఫెయిలోవర్ ఉన్నట్టు కాదు. ఏపీకి రెండో కంట్రోలర్ ఏదో ఎవరో ఒకరు చెప్పాలి కదా.

కోనసీమ_కుర్రాడు
ఏపీలు 40 నిమిషాలు లేవంటే ముందు మన రాష్ట్రం గురించేమో అనుకున్నాను.

భీమవరం_వైఫై
@పాలకొల్లు_పింగ్ ఇప్పుడే చూశాను. ప్రైమరీ 8.10, సెకండరీ 8.5. పోయిన సంవత్సరం కొత్త బ్లాక్ కట్టినప్పుడు ప్రైమరీని పెంచారు, దీన్ని వదిలేశారు.
@తణుకు_ట్రంక్ ఎన్ ప్లస్ వన్ అనుకుంటాను. ప్రతి ఏపీలో ప్రైమరీ, సెకండరీ పేర్లు రాసి ఉన్నాయి. సెకండరీకి పేరు ఉంది కానీ ఐపీ గడి ఖాళీ.

రాజమండ్రి_ర్యాక్
మీ పోస్టులోనే సమాధానం సగం ఉంది. మూడు రకాల ఏపీలకు మూడు రకాలుగా జరిగింది కాబట్టి విడివిడిగా చూద్దాం.

పాత బ్లాకులు. ఏపీ ఏ కంట్రోలర్‌కి ఎక్కినా దాని వెర్షన్‌కి మారాల్సిందే. 8.10 మీదున్న ఏపీ 8.5 కంట్రోలర్ దగ్గరికి వెళ్తే ఆ ఇమేజ్ (సాఫ్ట్‌వేర్ ఫైల్) దించుకుని, రీబూట్ అయి, మళ్ళీ మొదటి నుంచి వెతుక్కుని ఎక్కుతుంది. అన్నీ ఒకేసారి మీద పడ్డాయి కాబట్టి 40 నిమిషాల్లో ఎక్కువ భాగం దీనికే పోయింది.

కొత్త బ్లాక్. అక్కడ 9115 ఏపీలు పెట్టి ఉంటారు, అవునా? ఆ మోడల్‌కి 8.9 నుంచే సపోర్ట్ వచ్చింది. 8.5కి అది ఎవరో తెలియదు. రాత్రంతా కూర్చున్నా ఎక్కదు.

హాస్టల్. అక్కడి ఎస్ఎస్ఐడీకి (ఫోన్‌లో కనబడే నెట్‌వర్క్ పేరు) వ్లాన్ ఐడీ (కంట్రోలర్‌లో ఆ వైఫై నెట్‌వర్క్ నంబర్) 16 కంటే పెద్దదై ఉంటుంది. ఏపీ గ్రూపులు (ఏ ఏపీలు ఏ నెట్‌వర్క్‌లు చూపాలో చెప్పే జాబితాలు) ప్రైమరీలో చేశారు, సెకండరీలో చేయలేదు. అప్పుడు ఏపీలు డిఫాల్ట్ గ్రూపులో పడతాయి. డిఫాల్ట్ గ్రూపు 1 నుంచి 16 వరకు ఐడీలున్న వ్లాన్లనే వదులుతుంది. ఏపీ ఎక్కినా హాస్టల్ పేరు కనబడకపోవడానికి కారణం ఇదే.

భీమవరం_వైఫై
ఒళ్ళు జలదరించింది సార్. కొత్త బ్లాకులో 9115లే. హాస్టల్ వ్లాన్ ఐడీ 17. సెకండరీలో ఏపీ గ్రూపులు ఒక్కటీ లేవు. మరి ప్రైమరీ లేచాక మళ్ళీ ఎందుకు కట్ అయ్యింది?

పాలకొల్లు_పింగ్
ఏపీ ఫాల్‌బ్యాక్. డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంటుంది. అసలు ప్రైమరీ కనబడగానే ఏపీ సెకండరీని వదిలేసి అటు పోతుంది. మీ విషయంలో అటు వెళ్ళడమంటే మళ్ళీ వెర్షన్ మారడం, మళ్ళీ రీబూట్.

తణుకు_ట్రంక్
పరీక్షలున్న రోజుల్లో ఫాల్‌బ్యాక్ ఆపేసి ఉంచండి. సెకండరీ మీద అంతా బాగా నడుస్తున్నప్పుడు పగలు వెనక్కి రావాల్సిన తొందర ఏముంది? రాత్రి పదకొండు దాటాక మీరే మార్చుకోండి. మన వైపు గాలివానలో కరెంట్ ఒక్కసారి పోయి ఊరుకోదు, అరగంటలో నాలుగుసార్లు పోయి వస్తుంది. ప్రైమరీ లేచి పడినప్పుడల్లా 240 ఏపీలు అటూ ఇటూ పరిగెడతాయి.

చెరువుగట్టు
భీమవరం తమ్ముడూ, రెండు కంట్రోలర్లూ ఒకే ర్యాక్‌లో ఉన్నాయన్నావు. రెండోది బతికింది అది వేరే స్ట్రిప్‌కి తగిలించి ఉండటం వల్లే. ఎవరైనా ఆలోచించి అలా పెట్టారా, అలా కుదిరిందా?

భీమవరం_వైఫై
అలా కుదిరిందన్నా. ఆ వైపు ప్లగ్ ఖాళీగా ఉంటే పెట్టాం.

చెరువుగట్టు
అందుకే అడిగాను. నేను రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో నెట్‌వర్క్ చూస్తాను. ఇంటి దగ్గర మాకు చెరువులూ ఉన్నాయి. ఏరియేటర్లు ఆగితే తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి రొయ్య తేలిపోతుంది, అందుకని ప్రతి చెరువు మీదా జనరేటర్ పెడతాం. మా నాన్న వారానికోసారి కరెంట్ ఉండగానే మెయిన్ దింపి జనరేటర్ మీద పావుగంట నడిపిస్తారు. డీజిల్ ఉందని చేత్తో చూసుకోవడం వేరు, లోడ్ మీద నడిచిందని చూసుకోవడం వేరు అంటారు. కంట్రోలర్ల విషయంలో నేను చేసేదీ అదే. మూడు నెలలకోసారి ప్రైమరీ కరెంట్ తీగ లాగేస్తాను. రీబూట్ కమాండ్ ఇవ్వను, తీగే లాగుతాను.

మా ప్లాంటులో రెండు ఫైబర్ లైన్లు, ఇద్దరు వేర్వేరు ప్రొవైడర్లు. కాగితం మీద చక్కగా ఉంది. వేసవిలో కాలువలు కట్టేశాక పూడిక పని మొదలైంది, పొక్లెయిన్ ఒక్క బకెట్‌కి రెండూ తెగాయి. రెండు ఫైబర్లూ ఒకే కాలువ గట్టు మీద అడుగు దూరంలో వేశారు! మన డెల్టాలో గట్టు తప్ప వేరే దారి ఎక్కడుంది?

కోనసీమ_కుర్రాడు
మా లంక వైపు కూడా అంతే. గట్టు, రోడ్డు, ఫైబర్, కరెంటు స్తంభాలు అన్నీ ఒకటే వరస.

@చెరువుగట్టు ఆ రోజు ప్లాంటులో స్కానర్లు ఆగిపోయాయా?

చెరువుగట్టు
ఆగలేదు. మా కంట్రోలర్లు విశాఖలో ఉంటాయి, ఇక్కడి ఏపీలు ఫ్లెక్స్‌కనెక్ట్‌లో, లోకల్ స్విచింగ్ మీద ఉన్నాయి (కంట్రోలర్ అందకపోయినా డేటాను ఇక్కడే పంపే పద్ధతి). లింక్ తెగగానే స్టాండలోన్‌లోకి (సొంతంగా నడిచే మోడ్) వెళ్ళాయి. కోల్డ్ స్టోరేజ్ స్కానర్లు పీఎస్‌కే (అందరికీ ఒకే పాస్‌వర్డ్) మీద ఉన్నాయి కాబట్టి కొత్తగా ఆన్ చేసినవి కూడా కనెక్ట్ అయ్యాయి, డేటా లోకల్ సర్వర్‌కే పోయింది. ఆఫీసు నెట్‌వర్క్ మాత్రం డాట్1ఎక్స్ (ఒక్కొక్కరికీ సొంత లాగిన్), రేడియస్ (ఆ లాగిన్ సరిచూసే సర్వర్) విశాఖలో. అప్పటికే లోపలున్నవాళ్ళకు నడిచింది, కొత్తవాళ్ళకు రాలేదు. ఆ తర్వాత ఇక్కడే ఒక రేడియస్ పెట్టుకున్నాం.

కాకినాడ_కన్సోల్
నేను వేరేగా చెప్తాను. రెండూ ఒకే మోడల్ 5520లు. అలాంటప్పుడు ఎన్ ప్లస్ వన్‌తో అవస్థ ఎందుకు? ఎస్ఎస్ఓ పెట్టండి. 2012లో 7.3 వెర్షన్‌తో ఏపీ ఎస్ఎస్ఓ వచ్చింది, 2013లో 7.5తో క్లయింట్ ఎస్ఎస్ఓ కూడా వచ్చింది. ఒకటి యాక్టివ్, ఒకటి హాట్ స్టాండ్‌బై. మేనేజ్‌మెంట్ ఐపీ ఒకటే. యాక్టివ్ పోతే స్టాండ్‌బై అదే ఐపీతో లేస్తుంది, కంట్రోలర్ మారిన సంగతే ఏపీకి తెలియదు. పరీక్ష రాస్తున్న పిల్లాడు మళ్ళీ పాస్‌వర్డ్ కొట్టక్కర్లేదు. కాన్ఫిగరేషన్ తనంతట తనే సింక్ అవుతుంది కాబట్టి ఏపీ గ్రూపులు మర్చిపోయారు, వ్లాన్ మర్చిపోయారు అనే బాధే ఉండదు.

తణుకు_ట్రంక్
ఒప్పుకోను. కాన్ఫిగరేషన్ సింక్ అవుతుందంటే తప్పు కూడా సింక్ అవుతుంది. యాక్టివ్‌లో ఎవరైనా ఒక వ్లాన్ డిలీట్ చేస్తే స్టాండ్‌బైలోనూ పోతుంది. వెర్షన్ పెంచేటప్పుడు 5520లో రెండూ రీబూట్ అవ్వాల్సిందే, ఆ కాసేపు మొత్తం క్యాంపస్‌కి వైఫై ఉండదు. ఎన్ ప్లస్ వన్‌లో అయితే సగం ఏపీలను అటు పంపి, ఇటు అప్‌గ్రేడ్ చేసుకోవచ్చు. మా దగ్గర ఆరేళ్ళుగా ఇలాగే నడుస్తోంది.

కాకినాడ_కన్సోల్
అప్‌గ్రేడ్ ఏడాదికి ఒకటో రెండో సార్లు, అదీ సెలవు రోజు రాత్రి చేస్తాం. కరెంట్ మాత్రం సెలవు చూసుకుని పోదు కదండీ. ఆయన బాధ పరీక్ష మధ్యలో ఆగిపోవడం. ఎన్ ప్లస్ వన్‌లో ఎంత బాగా పెట్టుకున్నా ఏపీ కంట్రోలర్‌ని వదిలి కొత్త దానికి ఎక్కాలి, ఆ ఏపీ మీదున్నవాళ్ళందరికీ కట్ తప్పదు.

రాజమండ్రి_ర్యాక్
ఇద్దరి మాటా నిజమే, ఇద్దరూ వేర్వేరు ప్రమాదాల గురించి మాట్లాడుతున్నారు. పెట్టె చచ్చిపోతే ఎస్ఎస్ఓ మేలు. మనిషి తప్పు చేస్తే, సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉంటే ఎన్ ప్లస్ వన్ మేలు. మూడో కంట్రోలర్ కొనగలిగితే ఎస్ఎస్ఓ జంటకి వెనక ఎన్ ప్లస్ వన్ కూడా పెట్టుకోవచ్చు, అది సపోర్ట్ చేసే పద్ధతే.

భీమవరం గారూ, పరీక్షలు నడుస్తున్నాయి కాబట్టి ఈ వారం ఎస్ఎస్ఓ ముట్టుకోవద్దు. అది ఆన్ చేస్తే రెండు కంట్రోలర్లూ రీబూట్ అవుతాయి. ముందు ఉన్నదాన్ని సరిచేయండి. సెకండరీని ప్రైమరీతో చివరి అంకె దాకా ఒకే వెర్షన్‌కి తీసుకురండి. వ్లాన్లు అవే ఐడీలతో, ఏపీ గ్రూపులు అవే పేర్లతో అక్కడా చేయండి. ఏపీలో కంట్రోలర్ పేరు పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా లేకుండా కలవాలి, ఐపీ కూడా రాయండి. రెండిటినీ ఒకే మొబిలిటీ గ్రూపులో (ఒకదాన్నొకటి ఎరిగిన కంట్రోలర్ల గుంపు) పెట్టండి. కంట్రీ కోడ్ రెండిట్లో ఒకటేనా చూడండి. రెండూ ఒకే ఎన్‌టీపీ సర్వర్ నుంచి టైమ్ తీసుకోవాలి, గడియారం తప్పితే సర్టిఫికెట్ చెల్లదని ఏపీని రానివ్వదు.

హార్ట్‌బీట్ (కంట్రోలర్ బతికుందా అని ఏపీ అడిగే సందేశం) డిఫాల్ట్ 30 సెకన్లు. జవాబు రాకపోతే ఇంకో ఐదు పంపి, అప్పుడు కంట్రోలర్ పోయిందని తేల్చుకుంటుంది. ఫాస్ట్ హార్ట్‌బీట్ ఆన్ చేస్తే 1 నుంచి 10 సెకన్ల మధ్య పెట్టుకోవచ్చు.

పాలకొల్లు_పింగ్
డీహెచ్‌సీపీలో (ఐపీలు పంచే సర్వీసు) ఆప్షన్ 43 (ఏపీకి కంట్రోలర్ ఐపీ చెప్పే గడి) కూడా చూడండి. మా దగ్గర రెండో కంట్రోలర్ ఐపీ చేర్చారు కానీ పొడవు గడిలో 04 అలాగే ఉంచారు. రెండు ఐపీలకు 08 ఉండాలి. కొత్తగా తగిలించిన ఏపీలకు రెండో కంట్రోలర్ ఉందనే తెలియలేదు. ఫైర్‌వాల్ ఉంటే యూడీపీ పోర్టులు 5246, 5247 (ఏపీ, కంట్రోలర్ మాట్లాడుకునేవి) రెండో కంట్రోలర్‌కి కూడా తెరవాలి.

కోనసీమ_కుర్రాడు
మధ్యలో నాదో చిన్న ప్రశ్న. దిండి వైపు ఒక రిసార్ట్‌కి 14 ఏపీలు పెట్టబోతున్నాను. ఇదంతా చదివాక భయం వేస్తోంది. నేనూ రెండు కంట్రోలర్లు కొనిపించాలా?

యానాం_లింక్
వద్దు తమ్ముడూ. 14 ఏపీలకు కంట్రోలర్ పెట్టే అక్కర్లేదు. అరుబా ఇన్‌స్టంట్ లాంటివి చూడు. ఏపీల్లోనే ఒకటి వర్చువల్ కంట్రోలర్ అవుతుంది, అది పోతే మిగతావాటిలో ఇంకొకటి ఆ పని అందుకుంటుంది. ఆ డబ్బుతో మంచి యూపీఎస్, రెండు పీఓఈ (నెట్‌వర్క్ తీగ మీదే కరెంట్ ఇచ్చే) స్విచ్‌లు తీసుకుని, పక్కపక్క గదుల ఏపీలను చెరో స్విచ్‌కి ఇవ్వు. ఉప్పుగాలి తగిలే చోట బయట పెట్టే ఏపీలకు గ్లాండ్ (తీగ దూరే చోట బిగించే మూత) బిగించి సీల్ చేయడం మర్చిపోకు. నాకు పోయిన వాటిలో కంట్రోలర్లకన్నా తుప్పు పట్టిన కనెక్టర్లే ఎక్కువ.

మా దగ్గర పెద్ద సెటప్ అరుబా కంట్రోలర్లది. రెండిటి మధ్య వీఆర్ఆర్‌పీ (ఒకే ఐపీని రెండూ పంచుకునే పద్ధతి), ఏపీలకు ఎల్ఎంఎస్ ఐపీ (ఎక్కాల్సిన కంట్రోలర్ ఐపీ), దానికి బ్యాకప్ ఎల్ఎంఎస్ ఐపీ ఇచ్చాం. పేర్లు వేరు కానీ రాజమండ్రి గారు రాసిన జాగ్రత్తలు ఇక్కడా అవే.

భీమవరం_వైఫై
ఆదివారం పొద్దున్న ఆరింటికి టెస్ట్ చేశాను. సెకండరీని 8.10కి పెంచాను, వ్లాన్లు, గ్రూపులు, పేర్లు, ఐపీలు అన్నీ సరిచేశాను. ఫాస్ట్ హార్ట్‌బీట్ 5 సెకన్లు. చెరువుగట్టు అన్న చెప్పినట్టు తీగే లాగాను.

రెండు నిమిషాల్లోపు 240కి 238 ఎక్కాయి. మిగతా రెండిట్లో కంట్రోలర్ పేరులో ఒక అక్షరం తప్పు. 9115లు ఎక్కాయి, హాస్టల్ పేరు కనబడింది. స్టూడెంట్ నెట్‌వర్క్ నడిచింది. కానీ స్టాఫ్ నెట్‌వర్క్ ఒక్కరికీ కనెక్ట్ కాలేదు. పాస్‌వర్డ్ తప్పు అంటోంది. ప్రైమరీ లేపితే అదే పాస్‌వర్డ్‌తో నడుస్తోంది.

పాలకొల్లు_పింగ్
రేడియస్ సర్వర్‌లో సెకండరీ కంట్రోలర్ ఐపీ క్లయింట్‌గా చేర్చారా?

భీమవరం_వైఫై
లేదు! చేర్చి, షేర్డ్ సీక్రెట్ (రెండిటికీ తెలిసిన రహస్య పదం) ఇచ్చి మళ్ళీ టెస్ట్ చేశాను. వచ్చేసింది. బుధవారం స్టాఫ్ ఎవరూ ఫిర్యాదు చేయలేదెందుకా అనుకున్నాను. అందరూ పరీక్ష ల్యాబుల్లో పిల్లల దగ్గరే ఉన్నారు.

కాకినాడ_కన్సోల్
చూశారా, ఎస్ఎస్ఓలో మేనేజ్‌మెంట్ ఐపీ ఒకటే కాబట్టి రేడియస్‌కి ఈ తేడానే తెలియదు. సెలవుల్లో మాత్రం మారండి. రిడండెన్సీ మేనేజ్‌మెంట్ ఐపీ (ఒకదాన్నొకటి చూసుకోవడానికి ఒక్కోదానికి విడి ఐపీ) రెండిటికీ మేనేజ్‌మెంట్ సబ్‌నెట్‌లోనే ఇవ్వాలి. రిడండెన్సీ పోర్ట్ (రెండు కంట్రోలర్లనూ కలిపే పోర్ట్) ఐపీ మీరు ఇవ్వక్కర్లేదు, 169.254తో మొదలై చివరి రెండు భాగాలు రిడండెన్సీ మేనేజ్‌మెంట్ ఐపీవే తీసుకుంటుంది. ఏది ప్రైమరీ యూనిట్, ఏది సెకండరీ అన్నది రెండుసార్లు చూసుకుని ఆన్ చేయండి. తారుమారైతే ఖాళీ కాన్ఫిగరేషన్ వచ్చి నిండుగా ఉన్నదాని మీద పడుతుంది. ముందు బ్యాకప్ తీసి లాప్‌టాప్‌లో పెట్టుకోండి.

భీమవరం_వైఫై
ఎస్ఎస్ఓకి మారేటప్పుడు రెండోదాన్ని లైబ్రరీ బ్లాక్‌కి మార్చాలని ఉంది. 400 మీటర్లు ఉంటుంది. రిడండెన్సీ పోర్ట్ తీగ నేరుగా వేయలేం కదా?

రాజమండ్రి_ర్యాక్
రాగి తీగ 100 మీటర్లు దాటి పనికిరాదు. స్విచ్‌ల మీదుగా విడిగా ఒక వీలాన్ (స్విచ్‌ల్లో వేరు చేసిన నెట్‌వర్క్, వ్లాన్ కాదు) తీసుకెళ్ళండి, 7.5 నుంచి అలా ఒప్పుకుంటుంది. రెండిటి మధ్య ఆలస్యం 80 మిల్లీసెకన్లు దాటకూడదు, కనీసం 60 ఎంబీపీఎస్ ఉండాలి, ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1500. క్యాంపస్ ఫైబర్ మీద అవేవీ సమస్య కాదు.

అసలు జాగ్రత్త వేరే ఉంది. రిడండెన్సీ పోర్ట్ వీలాన్, మేనేజ్‌మెంట్ వీలాన్ రెండూ ఒకే ఫైబర్ మీద పంపొద్దు. స్టాండ్‌బై ప్రతి 100 మిల్లీసెకన్లకు కీప్అలైవ్ పంపి యాక్టివ్ బతికుందో లేదో చూస్తుంది. జవాబు రాకపోతే రెండో దారిలో పింగ్ చేసి నిర్ధారించుకుంటుంది. రెండు దారులూ ఒకేసారి తెగితే స్టాండ్‌బై ఏం చేయాలి? గేట్‌వే కూడా అందకపోతే మెయింటెనెన్స్ మోడ్‌లోకి వెళ్ళి కూర్చుంటుంది. నాకు ఒకసారి అలాగే జరిగింది, ఎవరూ చూడలేదు. నెల తర్వాత యాక్టివ్ పోయినప్పుడు కానీ స్టాండ్‌బై లేదని తెలియలేదు. అప్పటి నుంచి రోజూ పొద్దున్న షో రిడండెన్సీ సమ్మరీ కొట్టి, అవతలిది స్టాండ్‌బై హాట్ అని కనబడితేనే టీ తాగుతాను.

చెరువుగట్టు
నేను చెప్పిన కాలువ గట్టు కథ ఇదే. లైబ్రరీకి రెండో ఫైబర్ వేరే వైపు నుంచి లాగించు తమ్ముడూ. అదే డక్ట్‌లో వేస్తామంటే ఒప్పుకోకు.

తణుకు_ట్రంక్
సరే, ఒకే మోడల్ రెండున్న కాలేజీకి ఎస్ఎస్ఓనే నయమని ఒప్పుకుంటున్నాను. కానీ కాన్ఫిగరేషన్ బ్యాకప్ ప్రతి రాత్రి బయట సర్వర్‌కి పోవాలి. కంట్రోలర్‌లోని డీహెచ్‌సీపీ వాడుతుంటే దాన్ని ముందే బయటికి మార్చండి. 5520లో రెండో పవర్ సప్లైకి చోటు ఉంది, అది కూడా కొనిపించండి. బుధవారం అదొక్కటి ఉండి, రెండో తీగ అవతలి స్ట్రిప్‌కి పెట్టి ఉంటే ఈ పోస్టే ఉండేది కాదు.

యానాం_లింక్
రెండోదాన్ని హెచ్‌ఏ లైసెన్స్ (స్టాండ్‌బైగా ఉంచడానికి ఇచ్చే) పెట్టెగా కొన్నారేమో కూడా చూడండి. అలాంటిది 90 రోజులకు మించి యాక్టివ్‌గా ఉంటే హెచ్చరికలు వస్తుంటాయి. ఏపీలు తెగిపోవు, కంగారు పడొద్దు.

కోనసీమ_కుర్రాడు
భీమవరం అన్నా, ఎస్ఎస్ఓ టెస్ట్ నెగ్గితే ఆత్రేయపురం పూతరేకులు అందరికీ.

భీమవరం_వైఫై
వేసవి సెలవుల్లో మారాం, అప్‌డేట్ ఇస్తున్నాను. ప్రైమరీ మెయిన్ బ్లాక్‌లో, స్టాండ్‌బై లైబ్రరీలో. రిడండెన్సీ వీలాన్ క్యాంటీన్ వైపు నుంచి కొత్తగా వేసిన ఫైబర్ మీద, మేనేజ్‌మెంట్ పాత ఫైబర్ మీద. రెండిటికీ రెండేసి పవర్ సప్లైలు. ల్యాబులో 60 సిస్టమ్‌లలో మాక్ టెస్ట్ పెట్టించి, అది నడుస్తుండగా మెయిన్ బ్లాక్‌లో రెండు తీగలూ లాగాను. ఒక్క పిల్లాడికీ లాగిన్ పేజీ మళ్ళీ రాలేదు. నా లాప్‌టాప్‌లో పింగ్‌లు రెండు పోయాయి. ఆ పక్కనే నిలబడి చూసిన ప్రిన్సిపాల్ గారు "ఇంతేనా?" అన్నారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

@కోనసీమ_కుర్రాడు అడ్రస్ మెసేజ్ చెయ్యి, పూతరేకులు నావి.

కాకినాడ_కన్సోల్
చాలా సంతోషం. అలాగే, ఈ 5520ల సాఫ్ట్‌వేర్‌లో 8.10యే ఆఖరి వరస. వచ్చే బడ్జెట్‌లో 9800 (కొత్త తరం కంట్రోలర్) గురించి ఇప్పటి నుంచే అడగడం మొదలుపెట్టండి. దాంట్లో ఎస్ఎస్ఓ పెట్టేటప్పుడు రెండిటికీ ఛాసీ నంబర్ (జంటలో పెట్టె నంబర్) 1 అనే వస్తుంది, ఒకదాన్ని 2గా మార్చాకే జత చేయాలి.

చెరువుగట్టు
లైబ్రరీ స్విచ్, ఆ కంట్రోలర్ ఏ యూపీఎస్ మీద ఉన్నాయి? మెయిన్ బ్లాక్‌దేనా?

భీమవరం_వైఫై
కాదన్నా, వేరే ఫేజ్, వేరే యూపీఎస్. మీరు అడుగుతారని నిన్ననే తెరిచి చూశాను. ఒక బ్యాటరీ ఉబ్బి ఉంది. మార్చమని రాసిచ్చాను, గురువారం వస్తుంది. అది బిగించాక లోడ్ మీద అరగంట నడిపి ఇక్కడే రాస్తాను.